పెద్ద గుండ్రంలో ముఖం

జూన్ 2, మంగళవారం

గోష్ఠబాబు పిలిపించాడు. సీజన్ ముగిసి నెలన్నర కూడా కాలేదు, నేనింకా మోకాళ్ళకు ఆముదం రాసుకుంటూ మంచం మీదే ఉన్నాను, వెంటనే రమ్మని కబురు. కంపెనీ యజమాని రమ్మంటే వెళ్ళకుండా ఉంటామా. చిత్‌పూర్ రోడ్డు మీద మా జాత్రా కంపెనీ, అంటే ఊరూరా తిరిగి నాటకాలాడే మా కంపెనీ గది ఎంత, నాలుగు చాపలు పరిస్తే నిండిపోతుంది. గోడల నిండా మా నాటకాల పాత పోస్టర్లు. వాటిలో తొమ్మిదింటి మీద, హీరోయిన్ ముఖానికి వేసే పెద్ద గుండ్రంలో నేనే.

టీ ఇప్పించాడు. బిస్కట్లు కూడా తెప్పించాడు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఎగ్రా నుంచి ఉత్తరం వచ్చిందట. అక్కడి క్లబ్బు కమిటీ వాళ్ళు రాశారు. ఈసారి కూడా పోస్టర్‌లో ఒకరిని చూపించి ఇంకొకరిని పంపేటట్టయితే మీ గడప తొక్కం అని.

ఎగ్రా సంగతి రాయకూడదని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఇక రాసేస్తాను. మాఘమాసం. ఆట మొదలవడానికి గంట ముందు మా మేకప్ గుడారంలోకి నలుగురు చొరబడ్డారు. ఒకాయన చేతిలో మా పోస్టర్. నేను ముఖానికి రంగు పూసుకుంటున్నాను. ఆయన పోస్టర్ చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ పోస్టర్ చూశాడు. "మిస్ మణిమాల ఎక్కడ?" అన్నాడు. నేనేనన్నాను. నవ్వాడు. డూప్లికేట్‌ను తెచ్చి మా కళ్ళలో దుమ్ము కొడతారా అని గోష్ఠబాబు చొక్కా పట్టుకున్నారు. నేనే నేనని ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. ఎలాగో సర్దిచెప్పి ఆట మొదలుపెట్టాం. మొదటి రెండు రంగాలూ నాలుగు వైపుల నుంచీ "డూప్లికేట్, డూప్లికేట్" అని అరుపులు. తర్వాత ఆగిపోయాయి. నోరు నొప్పి పుట్టి ఆపారో ఏమో. తెల్లారేసరికి బస్సెక్కేశాం.

ఆ ఫొటో తొమ్మిదేళ్ళ కిందటిది. అప్పుడు నాకు ముప్పై నాలుగు. కంపెనీ చెప్పుకునే వయసు ఇరవై రెండు. ఏటా నాటకం మారుతుంది, ఫొటో మారదు.

అందుకని గోష్ఠబాబు తేల్చేశాడు. పన్నెండో తారీఖున కొత్త ఫొటోలు. నాకూ, ఈ ఏడు కొత్తగా చేరిన తోర్సాకూ. ఇరవై ఆరున రథయాత్ర. ఆ రోజు ఊళ్ళ నుంచి కమిటీల వాళ్ళు బుకింగులకు వచ్చేసరికి పోస్టర్ గోడ మీద ఉండాలి. వాళ్ళు నాటకం చదివి బుక్ చేయరు, గుండ్రంలో ముఖం చూసి చేస్తారు. "ఎవరి ఫొటో బాగా వస్తే వాళ్ళది పెద్ద గుండ్రం, మణీ. రెండోవాళ్ళది తల్లి వేషం," అన్నాడు. నా ముఖంలోకి చూడకుండా అన్నాడు.

తోర్సాకు ఇరవై రెండు. నిజం ఇరవై రెండు.

పది రోజులున్నాయి.

జూన్ 3, బుధవారం

పొద్దున్నే అద్దాన్ని కిటికీ దగ్గరకు తెచ్చుకున్నాను. ఇన్నేళ్ళూ నా ముఖం నేను బల్బు వెలుతురులోనే చూసుకున్నాను, అదీ రంగు పూసుకునేటప్పుడు. కళ్ళ కింద సంచులు. గడ్డం కింద ఇంకో గడ్డం మొదలవుతోంది. జర్దా పాన్ పుణ్యమా అని పళ్ళు గోధుమరంగు. మెడ సంగతి రాయను.

వెనక బుల్‌బుల్ మాసి నిలబడి చూస్తోంది. కంపెనీలో అందరికీ మాసి, అంటే పిన్ని; ఆడవాళ్ళకు చీరలు కట్టేది ఆవిడే. పాతికేళ్ళుగా ఈ రెండు గదుల్లో నాతోనే ఉంటోంది. నోరు మంచిది కాదు, మనసు మంచిదని ఆవిడే చెప్పుకుంటుంది. "పది రోజుల్లో పదేళ్ళు తగ్గాలి. రోజుకో ఏడాది. కానివ్వు మరి," అంది.

కానిచ్చాం. ఎర్రపప్పు నానబెట్టి రుబ్బి, పచ్చి పసుపుకొమ్ము అరగదీసి, పాలమీగడ కలిపి ముఖానికి పట్టించింది. ఆరేదాకా పెదవి కదపకూడదట. నేను నోరు మూసుకున్న ఆ అరగంటలో ఆవిడ నా పాతికేళ్ళ తప్పులన్నీ ఏకరువు పెట్టింది. ఇకనుంచి అన్నం ఒక్కపూటే, రాత్రికి మరమరాలు. మిఠాయి బంద్. పాన్ బంద్. బోర్లా పడుకుంటే చెంపలు నలుగుతాయట, వెల్లకిలా పడుకోవాలట. కోపం అసలు పనికిరాదట, నుదురు ముడతలు పడుతుందట. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండింది.

తల్లి వేషం తక్కువని కాదు. నా కళ్ళముందే ముగ్గురు హీరోయిన్లు అందులోకి వెళ్ళారు. ఒక్కరూ తిరిగి రాలేదు. తల్లి తర్వాత అత్తగారు, అత్తగారి తర్వాత ముసలమ్మ, ఆ తర్వాత పోస్టర్ మీద ముఖం కూడా ఉండదు. ఒకావిడ ఇప్పుడు శోభాబజార్‌లో పూలు అమ్ముతోంది. నన్ను చూస్తే తల తిప్పుకుంటుంది. నేను కూడా తిప్పుకుంటాను, అదే సిగ్గుచేటు.

జూన్ 4, గురువారం

పాన్ మానేసి ఇరవై ఆరు గంటలు. ఎవరైనా దగ్గరకొస్తే కరవాలనిపిస్తోంది.

జూన్ 5, శుక్రవారం

హాతీబగాన్‌లో కొత్త పార్లర్ పెట్టారు. ఏసీ ఉంది. తలుపు తీసిన పిల్లకు పద్దెనిమిదేళ్ళుంటాయేమో, రండి పిన్నిగారూ అంది. గుమ్మంలోనే తల కొట్టేసినట్టయింది. బర్ధమాన్ నుంచి మేదినీపూర్ దాకా కుర్రాళ్ళు నా పోస్టర్లు గోడల మీంచి ఊడబీక్కుపోయేవాళ్ళు. ఈ పిల్లకు నేను పిన్నిని.

కనుబొమలు దారంతో తీస్తూ, ఇంట్లో శుభకార్యమా అని అడిగింది. అవునన్నాను. అమ్మాయి పెళ్ళా అంది. దానికీ అవునన్నాను. నాకసలు పెళ్ళే కాలేదు. నోట్లోంచి ఒకసారి వచ్చాక అబద్ధాన్ని మధ్యలో ఎక్కడ ఆపాలో నాకు ఎప్పుడూ తెలియదు, ఆ వృత్తిలోనే ఉన్నాను కదా. ఆ పిల్ల తెగ సంబరపడింది. పెళ్ళికూతురి తల్లి హుందాగా ఉండాలి, మరీ కొట్టొచ్చినట్టు ఉండకూడదు అని, నా ముఖానికి హుందా ఫేషియల్ చేసింది, జుట్టు హుందాగా కత్తిరించింది, గోళ్ళకు హుందా రంగు వేసింది. కాదమ్మా, పెళ్ళికూతురిలా చెయ్యి అని ఏ ముఖం పెట్టుకుని చెప్పను. లేని కూతురి పెళ్ళికి తయారై బయటికొచ్చాను.

ట్రాము స్టాపులో తోర్సా నిలబడి కాగితం పొట్లంలోంచి కారం మరమరాలు తింటోంది. ఎండలో చెమట కూడా ఆ పిల్లకు అందంగానే పట్టింది. నేను మూడు రోజులుగా అవస్థపడి చేస్తున్నదంతా ఆ ముఖం ఊరికే, మరమరాలు తింటూ చేసేస్తోంది. "మణిదీ!" అని, అక్కను పిలిచినట్టు పిలిచి చెయ్యి ఊపింది. చూడనట్టు రోడ్డు దాటేశాను. ఒక రిక్షావాడు తిట్టాడు.

జూన్ 6, శనివారం

పళ్ళ డాక్టరు. గీకాడు, గీకాడు, గీకుతూనే ఉన్నాడు. ఎన్నేళ్ళ పాన్ ఇది అని అడిగాడు. నోరు తెరుచుకుని ఉంటే ఏం చెబుతాను. పళ్ళు తెల్లబడ్డాయి. చిగుళ్ళు వాచాయి. ఇప్పుడు నవ్వగలను, కాకపోతే నొప్పి.

సాయంత్రం మూడు చీరలు మంచం మీద పరిచాను. ఆకుపచ్చ బనారసీ, ఎర్రది, పసుపుది. ఫొటో బ్లాక్ అండ్ వైట్‌లో తీసి ప్రెస్‌లో రంగులు వేస్తారు కదా, నువ్వు గోనెసంచి కట్టుకున్నా ఒకటే అంది మాసి. అయినా మూడూ నాలుగుసార్లు కట్టి చూసుకున్నాను.

జూన్ 7, ఆదివారం

ఫొటోలు తీసే శశధరబాబును ముందే మంచి చేసుకుందామని సందేశ్ మిఠాయి డబ్బా పట్టుకుని వెళ్ళాను. ఆయన స్టూడియోలోనే మా చిత్‌పూర్ ముఖాలన్నీ పుట్టాయి. తొమ్మిదేళ్ళ కిందటి నా ఫొటో కూడా ఆయనదే. డెబ్బైకి దగ్గర పడ్డాడు, కళ్ళద్దాల మీద ఇంకో కళ్ళద్దాలు పెట్టుకుని సందేశ్ ఏ రకమో చూశాడు.

ఆ ఫొటోలో ఉన్నట్టు మళ్ళీ తీయాలి, మీ చేతిలోనే ఉంది అన్నాను. ఆయన ఒక ఇనప పెట్టె తెరిచి, వెతికి, ఆ పాత నెగెటివ్ తీసి కిటికీ అద్దానికి ఆనించి పట్టుకున్నాడు. చూడమన్నాడు. కళ్ళ కింద, నోటి పక్కన, దవడ వెంబడి సన్నటి గీతలు. పెన్సిల్ గీతలు. వందలు ఉంటాయి. గీత గీసిన చోట ప్రింటులో నలుపు తగ్గి, ముడత మాయమవుతుందట. రెండు రోజులు కూర్చుని చేశాడట.

"ఇందులో నువ్వు సగమే అమ్మా. మిగతా సగం నా పెన్సిల్," అన్నాడు.

నవ్వుతూ, ఈసారీ అంతే చేయండి అన్నాను. ఆయనకు రెండు కళ్ళలోనూ పొర కమ్మిందట. ఫోకస్ పట్టడం వరకే ఎలాగో అవుతోంది, నెగెటివ్ మీద పెన్సిల్ పెట్టి ఏడాది దాటిందట. ఆపరేషనంటే భయమట. వేరే ఎవరూ చేసేవాళ్ళు లేరా అన్నాను. ఆ చదువు ఎవరూ నేర్చుకోలేదన్నాడు.

నేను అసూయపడింది ఇన్నాళ్ళూ ఆ పాత ముఖాన్ని చూసి. అది అప్పుడు కూడా నాకు లేదన్నమాట.

సందేశ్ డబ్బా అక్కడే వదిలేసి వచ్చాను. వెనక్కి అడగలేను కదా.

జూన్ 8, సోమవారం

జుట్టుకు డై వేయించుకున్నాను. మామూలుగా మాసి హెన్నా పెడుతుంది, ఎర్రగా వస్తుంది. ఈసారి నల్లటి నలుపు కావాలన్నాను. సందు చివర క్షవరశాలవాడు ఏదో పొట్లం అమ్మాడు. చెవి వెనక కొంచెం రాసి ఒక రోజు ఆగి చూడమని కాగితం మీద ఉంది. ఒక రోజు ఎక్కడుంది నా దగ్గర.

ఎంత నల్లగా వచ్చిందో. నాలుగేళ్ళు తగ్గాను, నిజంగా. ఇల్లంతా తిరిగి ప్రతి అద్దంలోనూ చూసుకున్నాను. ఉన్నవి రెండే అద్దాలు.

జూన్ 9, మంగళవారం

రెప్పలు వాచిపోయి కళ్ళు తెరుచుకోవడం లేదు. వేళ్ళతో రెప్ప ఎత్తి పట్టుకుని ఇది రాస్తున్నాను.

జూన్ 10, బుధవారం

డాక్టరు తిట్టాడు. మాసి తిట్టింది. పొట్లం అమ్మినవాణ్ణి మాసి వెళ్ళి వేరేగా తిట్టి వచ్చింది. మాత్రలిచ్చారు, అవి వేసుకుంటే నిద్ర ముంచుకొస్తోంది. వారం దాకా కంటికి కాటుక తగలకూడదట. కాటుక లేకుండా జాత్రా హీరోయిన్. మాసి ఐసు చుట్టిన గుడ్డలు పెడుతూ, ఫొటో తీసేవాడికి చూపు లేదు, దిగేదానికీ చూపు లేదు, జోడీ బాగా కుదిరింది అంది. నవ్వితే రెప్పలు మండాయి.

మధ్యాహ్నం తోర్సా వచ్చింది. ఎవరు చెప్పారో. పళ్ళు తెచ్చింది. నా ముఖం చూసి దాని ముఖం వాడిపోయింది, ఆ జాలి చూసి నాకు ఇంకా మంట పుట్టింది. కాసేపు కూర్చుని, ఏదో అడగాలని వచ్చి అడగలేకపోతోంది. చివరికి చెప్పింది. స్టూడియోలో ఎప్పుడూ ఫొటో దిగలేదట. కూచ్‌బిహార్‌లో వాళ్ళ చిన్న కంపెనీకి పోస్టర్లే లేవట, రిక్షాలో మైకు పెట్టి చెప్పేవాళ్ళట. రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదట. ఇది పోతే ఇంటికి తిరిగి పంపించేస్తారేమోనని భయమట. ముఖం ఎలా పెట్టాలి మణిదీ, చేతులు ఏం చేయాలి అని అడిగింది.

నేనేం చెప్పానో రాయాలి. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను.

స్టేజీ మీద ఎలా ఉంటావో అలాగే ఉండు అన్నాను. కళ్ళు పూర్తిగా విప్పు. గడ్డం పైకెత్తు. చివరి వరసలో మట్టిలో కూర్చున్నవాడికి కూడా నీ ముఖం కనపడాలి, కెమెరా అంటే ఆ చివరి వరసవాడే అనుకో అన్నాను.

నాలుగడుగుల దూరంలో పెట్టిన కెమెరాకు అలా చేస్తే మనిషి దయ్యం పట్టినట్టు వస్తుంది. నా మొదటి ఫొటో అలాగే వచ్చింది, చింపేశారు. మా ఆటవాళ్ళందరూ మొదట చేసే తప్పే ఇది. తెలిసే చెప్పాను. అది తలూపుతూ, గుర్తుపెట్టుకోవడానికి పెదవులు కదుపుతూ వింది. వెళ్తూ నా కాళ్ళకు దండం పెట్టింది.

జూన్ 11, గురువారం

వాపు సగం తగ్గింది. మనసు కుదురుగా లేదు. గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి గదిలోకి. మాసి రెండుసార్లు అడిగింది, ఏమైందని. ఏమీ లేదన్నాను. తోర్సా ఉండే మెస్సు రెండు సందుల అవతల. చెప్పులు వేసుకుని మెట్ల దాకా వెళ్ళి తిరిగొచ్చాను. దానికి ముందు బోలెడు జీవితం ఉంది. నాకు ఈ సీజనే ఉంది. అలా అనుకుని పడుకున్నాను. వెల్లకిలా.

జూన్ 12, శుక్రవారం. ఉదయం ఆరు

ఎడమ రెప్ప ఇంకా బరువుగానే ఉంది. పప్పుముద్ద పట్టించనా అని మాసి అడిగింది. వద్దన్నాను. ఎర్ర బనారసీ.

అదే రోజు, మధ్యాహ్నం మూడు

అయిపోయింది.

స్టూడియోలో ముందు తోర్సాను కూర్చోబెట్టారు. గోష్ఠబాబు ఒక పక్కగా కుర్చీ వేసుకుని చూస్తున్నాడు. లైట్లు వెలిగాయి. అది కళ్ళు ఇంతింత చేసి, గడ్డం ఎత్తి, చివరి వరసకు కనిపించేలా కూర్చుంది. శశధరబాబు నల్లగుడ్డలోంచి తల బయటపెట్టి, ఈ పిల్లకేమైంది, ఎవరైనా గొంతు పిసుకుతున్నారా అన్నాడు. గోష్ఠబాబు పెదవి విరిచాడు. ఒకటి తీశారు, రెండు తీశారు. నాకు లోపల ఎంత హాయిగా ఉందో దాచుకోవడం కష్టమైంది. నాలుగు తీశారు. ప్రతి ఫొటోకూ మధ్య ఆ పిల్ల నా వంక చూస్తోంది. నువ్వు చెప్పినట్టే చేస్తున్నానా అని. ఎవరూ మెచ్చుకోవడం లేదు కాబట్టి ఇంకాస్త గట్టిగా చేస్తోంది. మెడ నరాలు తేలాయి. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, అయినా రెప్ప వేయడం లేదు.

ఆరో ఫొటో దగ్గర నేను లేచాను. ఎందుకు లేచానో తెలియదు. మంచితనం మాత్రం కాదు. సిగ్గు. లైట్ల మధ్యకు వెళ్ళి దాని గడ్డం పట్టుకుని కిందికి దించాను. "అదంతా స్టేజీకి. ఇక్కడ చివరి వరస లేదు. నీ ఎదురుగా ఒక్క మనిషే ఉన్నాడు, దగ్గరగా. వాడితో చిన్నగా మాట్లాడు," అన్నాను. దాని భుజాలు దిగాయి. ఊపిరి వదిలింది. శశధరబాబు చప్పుడు చేయకుండా తీసేశాడు.

ఆ ఒక్కటి చాలు. అది నాకక్కడే తెలిసిపోయింది.

తర్వాత నేను. గోష్ఠబాబు నా రెప్ప చూసి, ఇంకో రోజు పెట్టుకుందామా అని నసిగాడు. ప్రెస్‌కు ఇవ్వాల్సిన రోజు దాటిపోతుందని ఆయనకూ తెలుసు. శశధరబాబు కూర్చోమన్నాడు. కాటుక లేదు, పెన్సిల్ లేదు. పది రోజులుగా నేర్చుకున్న నవ్వు నవ్వాను. వద్దన్నాడు. తల పక్కకు తిప్పాను. వద్దన్నాడు. ఏం చేయమంటారు అని కసిరాను. ఏమీ చేయొద్దు, అలసిపోయావు కదా, ఆ అలసటతోనే కూర్చో అన్నాడు. పన్నెండు తీశాడు. నేను లెక్కపెట్టాను. ఇంకేం ఆలోచించాలో తెలియక.

ఇంటికొచ్చి పాన్ వేసుకున్నాను. రెండు.

జూన్ 15, సోమవారం

ప్రింట్లు వచ్చాయి. గోష్ఠబాబు రెండూ చాప మీద పక్కపక్కన పెట్టాడు. తోర్సాది చూస్తే ఎవరో ఇప్పుడే ఆ పిల్లకు ఒక మంచి మాట చెప్పినట్టుంది.

నాది చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. సంచులు, దవడ, బరువు రెప్ప, అన్నీ ఉన్నాయి. దేన్నీ దాచలేదు. "ఇది నువ్వే, మణీ," అన్నాడు, ఎవరో పోయినట్టు గొంతు తగ్గించి.

పెద్ద గుండ్రం తోర్సాది. నాది కింద, ఎడమ మూల, హాస్యగాడి పక్కన. తల్లి.

బయటికొచ్చి ట్రాము పట్టాల పక్కన నడిచాను. బాగా ఏడ్చాను. జనం చూశారు. చూడనీ అనుకున్నాను, టికెట్ లేకుండా.

జూన్ 16, మంగళవారం

పొద్దున్నే వెళ్ళి గోష్ఠబాబుతో పోట్లాడాను. ఆ చిన్న గుండ్రం కింద మిస్ మణిమాల అని వేయడానికి వీల్లేదన్నాను. ఆ పేరు పెద్ద గుండ్రం కింద పుట్టింది, అక్కడే చావనివ్వండి అన్నాను. పేరు లేకపోతే జనం ఏమనుకుంటారు అన్నాడు. ఏమైనా అనుకోనీ. చివరికి విసిగి, సరే, ఒట్టి ముఖమే వేస్తాం, పేరుండదు అన్నాడు. గెలిచాను. ఇలాంటివే గెలుస్తాను నేను.

సాయంత్రం తోర్సా వచ్చింది. మళ్ళీ కాళ్ళకు దండం పెట్టబోతే వెనక్కి తగ్గాను. నా కళ్ళలోకి సూటిగా చూసింది.

"మణిదీ, నువ్వు మొదట చెప్పింది మర్చిపోయాను. రెండోసారి చెప్పిందే గుర్తుంది," అంది.

అన్నీ తెలుసు దానికి. అంత చిన్నదేమీ కాదు.

జూన్ 19, శుక్రవారం

ప్రూఫ్ వచ్చింది. నా ముఖానికి ఆకుపచ్చ రంగు వేశారు. మాసి చూసి, రోగం నయమై లేచినట్టున్నావు అంది. మెచ్చుకోలే అది, ఆవిడ లెక్కలో.

జూన్ 25, గురువారం

రేపు వెళ్ళను. తేల్చుకున్నాను.

రథయాత్ర రోజున మేమందరం పట్టుచీరలు కట్టుకుని కంపెనీ గదిలో కూర్చుంటాం. లక్ష్మీగణపతికి పూజ, పోస్టర్‌కు దండ. ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు పోస్టర్ చూస్తారు, మమ్మల్ని చూస్తారు, మిఠాయి తింటారు, తేదీలు ఖాయం చేస్తారు. ఇరవై ఏళ్ళుగా నేను మధ్యలో కూర్చున్నాను. రేపు గోడ పక్కన కూర్చోవాలి. ఎగ్రా వాళ్ళు కూడా వస్తారు. చూశారా, డూప్లికేటని మేం అన్నది నిజమే అనుకుంటారు. వాళ్ళ ముందు నాకు ముఖం చెల్లదు.

మాసితో చెప్పాను. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది, తల ఎత్తలేదు. ఇంట్లో కూర్చుని ఏం చేస్తావంది. పడుకుంటానన్నాను. ఎలా, బోర్లానా అంది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కోపం వచ్చింది. అరిచాను. నీకేం తెలుసు, నువ్వెప్పుడైనా గుండ్రంలో ఉన్నావా అన్నాను. అనకూడని మాట. ఆవిడ రాళ్ళు ఏరడం ఆపింది. నలభై ఏళ్ళుగా చీరలు కట్టాను, కట్టినవాళ్ళలో సగం మంది పేర్లు ఎవరికీ గుర్తులేవు, నాకు గుర్తున్నాయి అంది. వరసగా చెప్పడం మొదలుపెట్టింది. ఎవరికి ఏ రంగు నప్పేదో, ఎవరు ఏడిస్తే పందిట్లో ఎవరూ దగ్గేవాళ్ళు కాదో. శోభాబజార్ పూలావిడ పేరు కూడా చెప్పింది. నేను ఆపమన్నాను. ఆపలేదు. పదిహేనో పేరు దగ్గర ఇద్దరం ఏడుస్తున్నాం. తర్వాత ఆవిడ లేచి నా పసుపు చీరకు ఇస్త్రీ పెట్టింది. అడగలేదు, వెళ్తావా అని.

జూన్ 26, శుక్రవారం. రథయాత్ర

వెళ్ళాను. గోడ పక్కన కూర్చున్నాను.

పదకొండింటికి ఎగ్రా నుంచి నిమాయి జానా వచ్చాడు, మాఘంలో పోస్టర్ పట్టుకుని గుడారంలోకి వచ్చినాయన. కొత్త పోస్టర్ ముందు నిలబడ్డాడు. గోష్ఠబాబు గొంతు సవరించుకుని పెద్ద గుండ్రం గురించి మొదలుపెట్టాడు. ఆయన వినలేదు. కింద ఎడమ మూలన వేలు పెట్టాడు.

"ఈవిడే కదా పోయినసారి మణిమాలకు బదులు వచ్చింది? మా ఊళ్ళో ఆడవాళ్ళు ఇప్పటికీ ఈవిడ ఏడ్చిన ఏడుపే చెప్పుకుంటున్నారు. మాకు మణిమాల వద్దు బాబూ. ఈవిణ్ణి పంపించండి. రెండు రాత్రులు."

అప్పుడు నన్ను చూశాడు. దగ్గరికి వచ్చి, చేతులు జోడించి, ఆ రోజు మావాళ్ళు అరిచినందుకు ఏమీ అనుకోకండి, పేరు కూడా అడగలేదు, మీ పేరేమిటమ్మా అన్నాడు.

గోష్ఠబాబు నా వంక చూస్తున్నాడు. తోర్సా కూడా.

మా అమ్మకు నేను నాలుగో ఆడపిల్లను. ఇక చాలు తల్లీ, వద్దు అని కాళికి మొక్కి మా వైపు పెట్టే పేరొకటుంది. ఇరవై ఆరేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

ఆన్నాకాలీ, అన్నాను. ఆన్నాకాలీ గాయేన్.

ఆయన పుస్తకంలో రాసుకున్నాడు. గోష్ఠబాబు వైపు తిరిగి, ఆన్నాకాలీయే రావాలి, ఇంకెవరూ వద్దు అన్నాడు.